ఏ చెట్టు తొర్రలో పుట్టింది? - జపాను చెక్క అచ్చు బొమ్మల్లో పరాయి పక్షులు, పండ్లు

కిందటేడు ఒక శిక్షణలో మాకు పంచిన బొమ్మల కట్టలో ఒక పక్షి బొమ్మ ఉంది. కట్ట మీద 'వివిధ దేశాల చిత్రకళ' అని రాశారు. బొమ్మ కింద మాత్రం ఒక్క ముక్క లేదు. తెల్లని పక్షి, తలమీద జుట్టు, దానిమ్మ కొమ్మ, ఎర్రగా పగిలిన పండు. నాలుగో తరగతి పిల్లలకు చూపించాం. ముక్కు చూసి 'తెల్ల చిలుక' అన్నారు. దానిమ్మను పోల్చుకోవడానికి కాస్త ఆలస్యమైంది. మా ఊళ్లో దానిమ్మ చెట్టు లేదు, బజారులో చూసిన ఇద్దరు చెప్పారు. అప్పుడు గోడవార కూర్చున్న పిల్ల ఒకతె అడిగింది: "సార్, ఇది ఏ చెట్టు తొర్రలో పుట్టింది?"

మా దగ్గర జవాబు లేదు. రామచిలుకలు తొర్రల్లో పిల్లలు పెడతాయని ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ కళ్లతోనే బొమ్మను చూసింది. మేము డిప్లొమా చదివినప్పుడు తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లాలని నేర్పారు. ఆ రోజు ఆ సూత్రాన్ని పాటించింది ఆ పిల్లే, మేము కాదు.

అప్పటి నుంచి వీలైనప్పుడల్లా ఈ బొమ్మల గురించి చదువుతున్నాం. మ్యూజియంలవాళ్లు పెట్టిన బొమ్మలను ఫోనులో పెద్దవి చేసి చూస్తున్నాం. అసలు అచ్చును ఒక్కదాన్నయినా కళ్లారా చూడలేదు. ఈ వ్యాసం చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఆ బొమ్మ గీసినవాడు ఒహారా కోసోన్. 1877లో పుట్టి 1945లో పోయాడు. బతుకంతా ఎక్కువగా పక్షులనే గీశాడు. కాకి, కొంగ, గుడ్లగూబ, పిచ్చుక, బాతు. దానిమ్మ మీది కాకటూ 1927 నాటిది. అచ్చు వేయించి అమ్మినవాడు టోక్యో ప్రచురణకర్త వతనబే షోజబురో. 1923 సెప్టెంబరు భూకంపంలో, తర్వాత లేచిన మంటల్లో వతనబే దుకాణం, అచ్చు చెక్కలు, బొమ్మలు అన్నీ కాలిపోయాయి. మళ్లీ మొదటినుంచి చెక్కించుకుంటున్న రోజుల్లో కోసోన్ ఆయన దగ్గర చేరాడు. ఈ బొమ్మలు కొన్నవాళ్లలో ఎక్కువమంది జపానువాళ్లు కారు, విదేశీయులు, ముఖ్యంగా అమెరికావాళ్లు.

బొమ్మ బాగుంది. ఆ మాట దాచనక్కర్లేదు. తెల్ల పక్షిని తెల్ల కాగితం మీద చూపించడం ఎంత కష్టమో బడిలో బొమ్మలు వేయించే ఎవరికైనా తెలుసు. మన పిల్లలు కొంగను వేసేటప్పుడు చుట్టూ నల్లగీత గీసి ఊరుకుంటారు. జపాను అచ్చు పనివాళ్లకు దీనికొక ఉపాయముంది. రంగు పూయకుండానే చెక్కను కాగితానికి అదిమితే ఈకల గీతలు ఉబ్బుగా నిలుస్తాయి. వేలితో తడిమితే తెలుస్తుందట. కొమ్మను పట్టుకున్న కాలు చూడండి. చిలుక జాతికి ముందుకు రెండు వేళ్లు, వెనక్కు రెండు వేళ్లు. పక్షిని చూసి గీసేవాడి చేయి అక్కడ పొరబడదు, చూడకుండా గీసేవాడిది అక్కడే పొరబడుతుంది.

ఇక చుట్టూ చూస్తే ఏమీ లేదు. నేల లేదు, చెట్టు మొదలు లేదు, ఆకాశం లేదు, మనిషి లేడు. ఒక కొమ్మ బొమ్మలోకి వస్తుంది, దానిమీద పక్షి కూర్చుంటుంది, అంతే.

ఈ ఖాళీ కోసోన్ కనిపెట్టింది కాదు. పూలు-పక్షుల బొమ్మలు జపానులో చాలా పాత రివాజు, దానికీ వెనక చైనా ఉంది. 1765 ప్రాంతంలో ఒక్కో రంగుకు ఒక్కో చెక్క పెట్టి పలురంగుల అచ్చులు వేయడం ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, స్థిరపడింది. ఆ తర్వాత ఈ రివాజు రాజుల గదుల్లోంచి బజారులోకి వచ్చింది. మంచులో కాకి, వెన్నెల్లో అడవి బాతులు, వానలో కోయిల, పూలకొమ్మ మీద చిన్న పాటల పిట్ట. కొన్నవాడికి ఆ పిట్ట తెలుసు, అది ఏ నెలలో కూస్తుందో తెలుసు, ఆ కొమ్మ ఎవరి పెరట్లోదో కూడా తెలుసు. చిత్రకారుడు వదిలేసినదాన్ని చూసేవాడు తన జ్ఞాపకంతో నింపుకుంటాడు. కాబట్టి అది నిజంగా ఖాళీ కాదు. మన పెద్దవాళ్లు పాటలో సగం చరణం పాడి ఆపితే మిగతాది గుంపు అందుకున్నట్టు.

కాకటూ దగ్గరికి వచ్చేసరికి అందుకునేవాళ్లు లేరు. అది జపాను అడవుల్లో లేదు. ఆస్ట్రేలియా, న్యూగినీ, ఇండొనేషియా తూర్పు దీవులు దాని నేల. అది ఏ చెట్టు తొర్రలో ఉంటుందో, ఏ కాయ కొరుకుతుందో, పంట మీద పడితే ఎవరు తరుముతారో కొన్నవాడికి తెలియదు. అదే కాగితం, అదే చెక్క, అదే ఖాళీ. కాకి చుట్టూ ఉన్నప్పుడు అది నిండుగా ఉంది, కాకటూ చుట్టూ చేరేసరికి ఉత్త ఖాళీ అయింది. ఈ బొమ్మల్లో మేము పట్టుకున్న ముఖ్యమైన తేడా ఇదే. దీన్ని కోసోన్ తప్పు అనడం లేదు. ఊరివాళ్ల కోసం పుట్టిన పద్ధతిని పరాయిదాని మీద పెడితే ఇలాగే అవుతుంది.

హిరోషిగే 1830లలో వేసిన ఒక సన్నటి నిలువు బొమ్మలో పెద్ద తోక చిలుక దేవదారు జాతి కొమ్మ మీద కూర్చుంటుంది. ఆ చెట్టు జపానువాళ్లకు దీర్ఘాయువు గుర్తు, ఇంటి చెట్టు లాంటిది. చిలుకదేమో వేడి దేశపు అడవి. ఇద్దరికీ పరిచయం లేదు. కొమ్మ దాని కాళ్ల కింద పీటలా ఉంది. అదే హిరోషిగే పియొనీ పూల పక్కన నెమలిని కూడా వేశాడు. మన చేలల్లో దిగి కందులు తినిపోయే నెమలి అక్కడ రాజుగారి కొడుకులా నిలబడింది! ఆ బొమ్మ చూపించినప్పుడు మా పిల్లలు నవ్వారు. ఏ పక్షి అయినా ఎక్కడో ఒకచోట రైతు చేత రాయి దెబ్బ తినేదే. వింత అనేది పక్షిలో ఉండదు, చూసేవాడు నిలబడిన చోటులో ఉంటుంది.

హొకుసాయి 1834 ప్రాంతంలో చిన్న పూలు-పక్షుల వరుస ఒకటి చేశాడు. అందులో ఒకదాంట్లో పియొనీల మీద కెనరీ పిట్ట, ఇంకోదాంట్లో జావా పిచ్చుక. ఈ రెండూ జపానుకు పరాయివే. కెనరీ పిట్ట పేరు ఆఫ్రికా పడమటి తీరం పక్కనున్న కెనరీ దీవులది. అక్కడ పుట్టి పెరిగిన గ్వాంచే ప్రజలను స్పెయిన్‌వాళ్లు 1402 నుంచి 1496 దాకా యుద్ధం చేసి లొంగదీసుకున్నారు. ఆ ప్రజల భాష ఇప్పుడు మాట్లాడేవాళ్లు లేరు. దీవి పేరును పిట్ట మాత్రం ప్రపంచమంతా మోసుకు తిరుగుతోంది. హొకుసాయికి ఇదంతా తెలిసే అవకాశం లేదు. తెలిసిన మనం ఆ బొమ్మను ఆయన చూసినట్టు చూడలేం.

జావా పిచ్చుక కథ వేరుగా నడిచింది. పంజరంలో వచ్చింది, జపాను ఇళ్లలో పిల్లలు పెట్టింది. యతోమి అనే ఊళ్లో తెల్లరంగు జాతినే తయారుచేశారు. జావాలో మాత్రం పట్టి పట్టి అమ్మేసి అంతరించే దశకు తెచ్చారు. పుట్టినచోట కరువు, తెచ్చినచోట సమృద్ధి!

ఈ పిట్టలు జపానుకు ఎలా వచ్చాయన్నది అసలు ప్రశ్న. 1641 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా యూరపువాళ్లలో ఒక్క డచ్చివాళ్లకే జపానుతో వ్యాపారం. అదీ నాగసాకి రేవులో దెజిమా అనే చిన్న కృత్రిమ దీవి మీద మాత్రమే. చైనా ఓడలు కూడా అదే రేవుకు వచ్చేవి. ఓడలో వచ్చిన వింత జంతువులను, పక్షులను నాగసాకి అధికారులు బొమ్మలు గీయించి ఎడోకు పంపేవారు. పాలకుడు బొమ్మ చూసి కావాలంటే పంపాలి, వద్దంటే అక్కడే అమ్ముకోవాలి. అంటే ఈ పక్షులు అక్కడ ముందు బొమ్మలయ్యాయి, ఆ తర్వాతే పక్షులయ్యాయి. 18వ శతాబ్దం చివరికి నెమళ్లను, చిలుకలను పంజరాల్లో పెట్టి చూపించే తేనీటి దుకాణాలు కూడా నగరాల్లో వెలిశాయి.

ఆ డచ్చి కంపెనీయే 1621లో బందా దీవుల మీద పడింది. ప్రపంచంలో జాజికాయ పండేది అప్పట్లో అక్కడే. కంపెనీకి తప్ప వేరెవరికీ అమ్మకూడదన్నారు, దీవులవాళ్లు లెక్కచేయలేదు. గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జోన్ కూన్ సైన్యంతో దిగి వేలమందిని చంపించాడు, మిగిలినవాళ్లను బానిసలుగా తరలించాడు, తోటలను తనవాళ్లకు పంచాడు. కాకటూల దీవులు ఆ చుట్టుపక్కలవే. ఆ దీవుల్లో సరుకుకు బదులు ఇవ్వడానికి కంపెనీ తీసుకెళ్లింది ఎక్కువగా మన తీరపు గుడ్డలు. మచిలీపట్నంలో 1605లోనే డచ్చివాళ్లు కొట్టు పెట్టారు. అద్దకం గుడ్డలు ఇక్కడినుంచి దీవులకు, జపానుకు కూడా పోయాయి. చెక్క అచ్చుతో మన పెడనలో గుడ్డ మీద వేసే పూలతీగ, చెక్క అచ్చుతో ఎడోలో కాగితం మీద వేసిన చిలుక - ఈ రెంటినీ మోసింది ఒకే ఓడల దారి.

ఇంత పెద్ద దారిలో ఆ దీవుల మనుషులు ఎక్కడా కనిపించరా అని వెతికాం. నాగసాకిలో స్థానికంగా వేసిన చవక అచ్చు బొమ్మల్లో కనిపించారు. వాటిలో డచ్చి దొర టోపీ పెట్టుకుని నడుస్తుంటాడు. తూర్పు దీవుల నుంచి తెచ్చిన నల్లని నౌకరు వెనక నిలబడి ఆయనకు గొడుగు పట్టుకుని ఉంటాడు. పక్షికి బొమ్మ మొత్తం ఇచ్చారు, మనిషికి గొడుగు కర్ర ఇచ్చారు.

యూరపువాళ్లు ఇంకా ముందుకు వెళ్లారు. న్యూగినీ వైపు అడవుల్లోని స్వర్గపక్షి చర్మాలను అక్కడివాళ్లు కాళ్లు తీసేసి, ఎండబెట్టి అమ్మేవారు. అవి చూసి యూరపులో ఈ పక్షికి కాళ్లే లేవు, చచ్చేదాకా గాలిలోనే ఉంటుందని చెప్పుకున్నారు. 1758లో లినేయస్ దానికి 'కాళ్లు లేనిది' అనే అర్థంతోనే శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ పేరు నేటికీ ఉంది. పక్షిని పట్టిన మనిషిని ఒక్కమాట అడిగితే తేలిపోయేది. ఆ విషయంలో జపాను చిత్రకారుడే నయం. ఆయన కాళ్లు గీశాడు, వేళ్లు లెక్కపెట్టి మరీ గీశాడు.

పండు సంగతికి వద్దాం. కోసోన్ బొమ్మలో పరాయిది పక్షి ఒక్కటే కాదు. దానిమ్మ కూడా జపానుది కాదు. ఇరాన్ నుంచి మన ఉత్తరాది కొండల దాకా దాని పుట్టిల్లు. చైనా మీదుగా ఏనాడో జపాను చేరింది. జపానులో దానిమ్మ పట్టుకుని ఉండే దేవత కిషిమోజిన్. ఆమె మన హారీతే. బౌద్ధుల కథలో హారీతి రాజగృహంలో పరాయి పిల్లలను తినే యక్షిణి. బుద్ధుడు ఆమె చివరి బిడ్డను భిక్షాపాత్ర కింద దాచి బుద్ధి చెప్పాక పిల్లలను కాపాడే తల్లి అయింది. నాగార్జునకొండలో ఆమెకు గుడి ఉండేది, అజంతా రెండో గుహలోనూ ఉంది. జపాను చేరాక నరమాంసానికి బదులు ఆమె చేతిలో దానిమ్మ పెట్టారని అక్కడ చెప్పుకుంటారు. ఈ కథ చదివినప్పుడల్లా మాకొక అనుమానం. ఊరి పొలిమేరలో పిల్లలకు జబ్బు రాకుండా చూసే తల్లిని మనం కొలుస్తాం. బయటివాడు వచ్చి రాస్తే ఆమే రాక్షసి అవుతుంది, ఆ తర్వాత బుద్ధి తెచ్చుకున్నట్టు రాస్తాడు. హిడింబి కథ మనకు కొత్త కాదు కదా. ఇది రుజువు చేయగలిగిన మాట కాదు, మా అనుమానం మాత్రమే.

కానీ ఒక్కటి స్పష్టం. దానిమ్మ జపానులో వేరు పట్టింది. పెరట్లో పూసింది, దేవత చేతికెక్కింది, పిల్లలు గింజలు ఒలుచుకు తిన్నారు. మన సీతాఫలం లాగే. సీతాఫలం అమెరికా ఖండపు చెట్టు. పోర్చుగీసువాళ్ల రాక తర్వాత వచ్చిందంటే మన ముసలివాళ్లు నమ్మరు, అడవి నిండా ఉంటే! చెట్టు నేలను అడుగుతుంది, నేల ఒప్పుకుంటే మూడు తరాల్లో ఊరిదైపోతుంది. పంజరంలోని కాకటూను ఆ నేల ఎప్పుడూ అడగలేదు. కోసోన్ బొమ్మలో ఆ కొమ్మ ఇల్లు కట్టుకున్న వలసజీవి, ఆ పక్షి కొనితెచ్చిన బందీ. రెంటినీ 'వింత అందాలు' అని ఒక్క గాటన కట్టేసి పొగడటం మాకు సమ్మతం కాదు.

ఇక్కడ మాకు బాగా నచ్చినవాడి పేరు చెప్పాలి. ఇతో జకుచు, 1716లో పుట్టి 1800లో చనిపోయాడు. క్యోటో నిషికి బజారులో కూరగాయల టోకు వ్యాపారుల ఇంటి పెద్దకొడుకు. నలభై ఏళ్ల వయసులో దుకాణం తమ్ముడికి అప్పగించి బొమ్మల్లో పడ్డాడు. 1771లో చేసినవని చెప్పే ఆరు రంగుల అచ్చుల్లో పరాయి చిలుకలు ఉన్నాయి. వెనక అంతా కటిక నలుపు. చీకట్లో దీపం పట్టుకుని ఎవరో చూపించినట్టు పక్షి వెలుగుతుంది. అందమైనవే, కాస్త భయపెడతాయి కూడా. కానీ మేము ఎక్కువసేపు చూసింది వాటిని కాదు, ఆయన సిరాతో వేసిన ఇంకో బొమ్మను. అచ్చు కాదది, చేతితో వేసిందే. బుద్ధుడి నిర్యాణ దృశ్యం. బుద్ధుడి స్థానంలో బుట్ట మీద ఒక ముల్లంగి పడుకుని ఉంటుంది. చుట్టూ గుమ్మడి, వంకాయ, పుట్టగొడుగు, మొక్కజొన్న, దుంపలు, పండ్లు కూర్చుని దుఃఖిస్తుంటాయి. నవ్వు వస్తుంది, తర్వాత నవ్వు ఆగిపోతుంది. తల్లి పోయినప్పుడో, తమ్ముడు పోయినప్పుడో వేశాడని పండితులు అంటారు. ఏ కాయ బరువు ఎంతో, ఏది ఎలా ఒరుగుతుందో చేతులతో మోసి తెలిసినవాడు వేసిన బొమ్మ అది. అందులో మొక్కజొన్నా గుమ్మడీ కూడా ఒకప్పుడు సముద్రం దాటి వచ్చినవే. ఇప్పుడు సావు దగ్గర కూర్చునే చుట్టాలయ్యాయి. చిలుకల అచ్చుల కంటే ఇదే గొప్పదని మా అభిప్రాయం.

యోషిదా హిరోషి 1926లో రెండు కాకటూలను అచ్చు వేశాడు. ఆ వరుసకు 'జంతుప్రదర్శనశాల' అని పేరు పెట్టాడు. కోసోన్ అంత సొగసుగాడు కాదు ఈ విషయంలో, కానీ నిజాయితీపరుడు. ఈ పక్షి నాకు ఎక్కడ దొరికిందో చెబుతున్నాను అన్నాడు. దానిమ్మ కొమ్మ పెట్టి దాచలేదు.

జపానుకూ ఆదివాసులున్నారు, ఐనులు. వాళ్ల ఉత్తరపు నేల మీద 1789లో తిరుగుబాటు జరిగింది. దాన్ని అణచడంలో జపానువాళ్లకు సాయపడ్డ పన్నెండుమంది ఐను పెద్దల బొమ్మలను 1790లో కకిజాకి హక్యో వేశాడు. ఒంటి మీద చైనా పట్టు కోట్లు, నిండు గడ్డాలు, వెనక ఏమీ లేదు. తిరగబడ్డవాళ్ల బొమ్మలు ఆ వరుసలో లేవు. ఆ పన్నెండు బొమ్మలను చూస్తుంటే మాకు కాకటూ గుర్తొచ్చింది. ఐనులను ఆదివాసులుగా గుర్తిస్తూ జపాను పార్లమెంటు తీర్మానం చేసింది 2008లో.

ఎందుకు గుర్తొచ్చిందో చెప్పాలి. మా దారిలో ఒక హోటలు గోడమీద థింసా ఆడుతున్న మన ఆడవాళ్ల పెద్ద ఫొటో ఉంది. చీరకట్టు ఉంది, సిగలో పువ్వు ఉంది, కలిసి కదిలిన అడుగు ఉంది. వెనకనున్న కొండను మాత్రం కంప్యూటరులో తీసేసి పసుపురంగు పోశారు. ఆ కొండ మీద పట్టా కోసం ఎన్నేళ్లు తిరిగామో బల్ల దగ్గర కూర్చుని భోంచేసేవాడికి తెలియాల్సిన పని లేదు. అలాగని అంతా బయటివాళ్ల మీద పెట్టలేం. మా చిన్నప్పుడు సంతలో రామచిలుక పిల్లలను వెదురు బుట్టల్లో అమ్మేవారు. తొర్రలో చేయిపెట్టి తెచ్చింది మనవాళ్లే. 1972 చట్టం వచ్చాక కూడా చాలాకాలం అమ్మారు. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది.

ఇంకొక మాట పనివాళ్ల గురించి. బొమ్మ మీద సంతకం కోసోన్‌ది, ముద్ర వతనబేది. గీసిన కాగితాన్ని అడవి చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, వెంట్రుకవాసి గీతలను వదిలి మిగతాది తవ్వేసినవాడు ఒకడు. కాగితం జరగకుండా చెక్క మూలన గుర్తులు పెట్టుకుని, వెదురు పట్ట చుట్టిన బిళ్లతో రుద్ది, రంగు తర్వాత రంగు ఎక్కించినవాడు ఇంకొకడు. ఆ ఈకలు అంత మెత్తగా రావడానికి కారణం వీళ్లిద్దరి చేతులే. కిందటి వారం ఆ సంగతి చెప్పినప్పుడు పిల్లలు బంగాళాదుంపలు కోసి అచ్చులు వేశారు, సిరా బల్ల నిండా పారింది.

ఆ పిల్లకు జవాబు ఏడాది ఆలస్యంగా చెప్పాం. వాళ్ల దీవుల్లో పెద్ద పెద్ద చెట్ల తొర్రల్లోనే పుడుతుంది, మన చిలుకల్లాగే అన్నాం. "మరి ఆ చెట్టు ఎందుకు వెయ్యలేదు?" అంది. కాగితం ఇచ్చాం. ముందు తొర్ర వేసింది, దాని చుట్టూ చెట్టు వేసింది, చెట్టు కింద బుట్ట పట్టుకున్న మనిషిని వేసింది. పక్షికి చోటు చాలలేదు. తోక మాత్రం తొర్ర బయటికి కనిపిస్తోంది.